చిన్నమామ కారు వైపర్లు

పోయిన ఆదివారం పొద్దున కర్నూల్లో మా ఇంటి పోర్టికోలో పీట వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో సెల్‌ఫోను, అందులో ఎవరో తెల్లాయన కారుకు వైపర్లు ఎలా మార్చాలో నవ్వుతూ చూపిస్తున్నాడు. ముందురోజే అట్టపెట్టెలో కొత్త వైపర్లు వచ్చాయి. తెల్లాయనకు అరనిమిషంలో అయిపోయిన పని నాకు గంటైనా కాలేదు. నేను ముప్పై రెండేళ్లు పాలిటెక్నిక్‌లో పిల్లలకు మెకానికల్ డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషిని. ఏ యంత్రాన్నైనా అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో, నిలువుగా కోస్తే ఎలా ఉంటుందో బోర్డు మీద గీసి చూపిస్తాను. విప్పమంటేనే నాకు భయం. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే మా ఆవిడ వంటింట్లోంచి రెండుసార్లు, "ఎవరినన్నా పిలవకూడదా?" అంది. పిలవచ్చు. కానీ కర్నూల్లో ఈ కారును చూసిన ప్రతి మెకానిక్కూ ముందు దాంతో ఒక ఫొటో దిగి, ఆ తర్వాత దీనికి సామాన్లు దొరకవని చెప్పి వెళ్లిపోతాడు.

కొత్తవి బిగించాలంటే ముందు పాతవి రావాలి కదా. గుంజాను, రాలేదు. మెలితిప్పాను, రాలేదు. స్క్రూడ్రైవరు తెచ్చి తిప్పడానికి స్క్రూ ఎక్కడుందా అని వెతికాను, లేదు. విసుగొచ్చి వదిలేద్దామనుకుంటుండగా నా బొటనవేలు దానంతటదే వెళ్లి ఒకచోట ఆగింది. అక్కడ గోరంత ఇనుప నాలుక ఉంది. నొక్కాను. టిక్కుమని బ్లేడు చేతిలోకి వచ్చింది. నేను మర్చిపోయాననుకున్న కిటుకు నా వేలికి గుర్తుంది. ఆ బ్లేడు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "చెయ్యి తెగిందా?" అని అడిగింది. లేదన్నాను.

ఈ కారు నాది కాదు, మా చిన్నమామది. అంటే మా మామగారి తమ్ముడు, మా ఆవిడకు చిన్నాయన. కడపలో ఉండేవాడు. నాపరాళ్ల వ్యాపారం. ఎర్రగుంట్ల వైపు క్వారీల్లో కోయించి బెంగళూరుకు లారీల్లో పంపేవాడు. అలా వెళ్లిన ఒక ప్రయాణంలో అక్కడ ఎవరి బంగళాలోనో టార్పాలిన్ కింద ఈ కారును చూసి మనసు పారేసుకున్నాడు. ముదురు పచ్చ రంగు, రెండే సీట్లు, పైన మడిచే గుడ్డ టాపు, నేలకు జానెడెత్తున పరుగెత్తే విదేశీ కారు. లారీలో వేసుకుని కడపకు తెచ్చాడు. దింపిన రోజు మా చిన్నత్తగారు బయటికి వచ్చి చూసి, "ఇద్దరే కూర్చుంటే పిల్లోల్లు యాడ కూర్చోవాల?" అని ఒక్కటే అడిగిందట. ఆమె చనిపోయేదాకా అందులో ఎక్కలేదు. చిన్నమామ కూడా అందులో పెద్దగా తిరిగింది లేదు. సాయంత్రం నాలుగు వీధులు తిప్పి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేవాడు.

ఆ కారుకు సామాను దొరకదు. దొరకని ప్రతిదాన్నీ చేసిపెట్టేవాడు మేస్త్రీ. మైదుకూరు రోడ్డు మీద ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. ఆయన్ను అందరూ మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. ఆయన భార్య కూడా చిన్నమామ ఇంటికి పండక్కి సేమ్యా పంపించినప్పుడు "మేస్త్రీ పంపినాడు" అనే చెప్పించేది. సన్నటి మనిషి, మాట తక్కువ. కారు ముందు పడుకుని ఇంజను సద్దును చాలాసేపు వినేవాడు. తర్వాత లేచి ఏదో ఇత్తడి ముక్కో, ఇనుప ముక్కో తీసి, అరగదీసి అరగదీసి, దేశం కాని దేశంలో చేసిన కారుకు కడపలో అవయవాలు చేసేవాడు. చిన్నమామకు ఆయన మీద ఎంత గురి అంటే, క్వారీలో క్రేను కొనాలన్నా, కూతురికి సంబంధం చూడాలన్నా, "మేస్త్రీని ఒక మాట అడుగుదాం" అనేవాడు.

వాళ్లిద్దరి స్నేహానికి కారు ఒక సాకు అని ఇప్పుడనిపిస్తుంది. చిన్నమామ ఇంటి ముందు అరుగు మొత్తం నాపబండలే. మధ్య బండ మీద మేస్త్రీ ఉలితో బారాకట్ట గడులు చెక్కాడు. కొలబద్ద పెట్టి గీసినట్టుండేవి ఆ గీతలు. రోజూ సాయంత్రం షెడ్డు మూసి వచ్చేవాడు. ఇద్దరూ చెరో పక్క కూర్చుని గవ్వలు వేసేవాళ్లు. మాటలుండవు. "నాలుగు." "నీ కాయ సచ్చె." "టీ తాగుదామా?" అంతే. చీకటి పడే వేళకు మేస్త్రీ లేచి వెళ్లిపోయేవాడు. ఆ ఆటలో ఎవరు ఎక్కువ గెలిచారని ఒకసారి అడిగితే చిన్నమామ, "గెలుపు తేలిపోతే రేపట్నుంచి ఏం చేసేది అల్లుడూ?" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

అల్లుడినన్నాను కదా, మా వైపు అత్తారింట్లో అల్లుడి సంగతి కొంచెం చెప్పాలి. అల్లుడు ఎంచి తెచ్చిన మామిడిపండు పుల్లగా ఉన్నా తియ్యగా ఉందంటారు. అల్లుడు చెప్పిన దారి తప్పయితే ఆ తప్పుదారిలోనే మైలు దూరం నడిచి, "ఈడ గాలి బాగుండాది" అంటారు. ఎదురు చెప్పడం ఉండదు. నేను కొత్తల్లో సిగ్గుపడి, తర్వాత అలవాటుపడి, చివరికి అదంతా నా గొప్పే అనుకునేదాకా వచ్చాను. పైగా చిన్నమామ నన్ను "మా ఇంజినీరు అల్లుడు" అని నలుగురికీ పరిచయం చేసేవాడు. లెక్చరర్‌నని చెప్పినా వినేవాడు కాదు. నేను కూడా గట్టిగా చెప్పలేదు.

ఇప్పటికి ఇరవై రెండేళ్ల కిందట, ఏప్రిల్‌లో, సెలవులకు కడప వెళ్లినప్పుడు కారును అదేపనిగా మెచ్చుకున్నాను. మెచ్చుకున్న వస్తువును అల్లుడికి ఇవ్వకుండా ఉండటం ఆ ఇంట్లో లేదు. "నెల రోజులు కర్నూలుకు తోలుకుపోండి అల్లుడూ" అన్నాడు చిన్నమామ. అని, వెంటనే గుర్తొచ్చి, "వైపర్లు లేవే" అన్నాడు. నిజంగానే ఆ కారుకు వైపర్లు పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. మా కడపలో వాటి అవసరం పడే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. మేఘం కనిపిస్తే జనం కారాపి దిగి చూస్తారు. ఏప్రిల్‌లో వైపర్లేమిటని నేను నవ్వాను. చిన్నమామ నవ్వలేదు. "దూరం పోతాండాడు, అల్లుడు. నడిమధ్య వానొస్తే?" అని మేస్త్రీకి కబురు పెట్టాడు. ఆ వైపర్లు నా కోసమే బిగించారు. దీన్ని నేను మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవాలి.

మేస్త్రీ వచ్చి అద్దం కొలిచాడు. పొట్టి అద్దం, మామూలు కారు బ్లేడ్లు పట్టవు. బజారుకెళ్లి రెండు ఆటో బ్లేడ్లు తెచ్చాడు. చిన్నమామ ముఖం చిన్నబోయింది. అంత కారుకు ఆటో వైపర్లా అని. మేస్త్రీ, "వానకు తెలీదులే అన్నా" అన్నాడు. కారుకు మిగిలిన వైపర్ కడ్డీలకు ఆటో బ్లేడు అతకదు. ఇనుము కోసే రంపపు ముక్క విరిచి, నిప్పుల్లో కాల్చి, వంచి, రెండు చిన్న క్లిప్పులు చేశాడు. అరగదీయడానికే ఒక పూట పట్టింది. బిగించాక చిన్నమామ ఎవరో ఫోను చేస్తే లోపలికి వెళ్లాడు. అప్పుడు మేస్త్రీ నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇట్ల చూడండి అల్లుడు సార్. ఈడ బొటనేలు పెట్టి నొక్కి, కిందికి గుంజితేనే వస్తాది. నొక్కకుంటే గాలికి రాదు, వానకు రాదు, ఎద్దులు కట్టి గుంజినా రాదు." మళ్లీ లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అన్నకు చెప్పొద్దండి. చెప్తే దినాము ఊడదీసి చూస్తాంటాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కిటుకు తెలిసింది ప్రపంచంలో మా ఇద్దరికే.

కర్నూల్లో నెల రోజులు నా వైభవం అంతా ఇంతా కాదు. కాలేజీలో సెలవులైనా పనున్నట్టు రోజూ వెళ్లేవాణ్ణి. కొండారెడ్డి బురుజు దగ్గర ఆపితే చుట్టూ మూగేవాళ్లు. వైపర్లు ఆటోవని ఎవరూ గుర్తుపట్టలేదు. ఎండలు ముదిరాక పక్కింటాయన ఒక సలహా ఇచ్చాడు. కర్నూలు ఎండకు వైపర్ రబ్బరు అద్దానికి అతుక్కుని చీలిపోతుంది, అందుకని ఇక్కడ చాలామంది ఎండాకాలం బ్లేడ్లు తీసి ఇంట్లో దాచుకుని, మబ్బు పట్టినప్పుడు మళ్లీ పెట్టుకుంటారు. ఆయనవి వాళ్లింట్లో ఆవకాయ జాడీల వెనక ఉండేవి. నేను నా కిటుకుతో ఆయన ముందే టిక్కు టిక్కుమని రెండూ తీసి గొప్పగా చూపించాను. "కడ్డీల కొసలకు గుడ్డ చుట్టండి సార్" అన్నాడాయన. సరేనన్నాను. చుట్టలేదు. బ్లేడ్లను పేపర్లో చుట్టి అటక మీద పెట్టాను.

మే నెలాఖరున కారు తిరిగి ఇవ్వడానికి ఒక్కణ్ణే బయల్దేరాను. మా ఆవిడ పిల్లలతో ముందే బస్సులో వెళ్లింది. మైదుకూరు దాటేదాకా నిప్పులు చెరిగే ఎండ. అక్కడినుంచి ఒక్కసారిగా గాలి లేచింది, దుమ్ము లేచింది, ఆకాశం నల్లబడి పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. మట్టివాసన టాపు సందుల్లోంచి లోపలికి వచ్చింది. రోడ్డు పక్కన గొర్రెలు కాసేవాడు తలమీద కంబళి తీసేసి తడుస్తూ నిలబడ్డాడు. రాయలసీమలో పుట్టినవాడికి వాన పడితే బుద్ధి పనిచేయదు. నేను కేకవేసినంత పని చేసి వైపర్ మీట నొక్కాను.

గుడ్డ టాపు మీద వాన చప్పుడుకు ఆ గీరిన చప్పుడు నాకు వెంటనే వినిపించలేదు. నాలుగైదు సార్లు తిరిగాక, అద్దం మసక పోలేదేమిటా అని చూస్తే, రెండు ఒట్టి ఇనుప కడ్డీలు అద్దం మీద అటూ ఇటూ గీరుకుంటూ తిరుగుతున్నాయి. ఆపాను. అప్పటికే రెండు అర్ధచంద్రాలు పడ్డాయి. ఆ అద్దం ఎక్కడా దొరకదు. చెట్టు కింద కారాపి, వాన వెలిసేదాకా ఆ గీతల మీద వేలితో రుద్దాను. ఉమ్ము పెట్టి రుద్దాను. మెకానికల్ లెక్చరర్‌ని, గాజు మీద గీతలు ఉమ్ముతో పోతాయేమోనని చూశాను.

అక్కణ్ణుంచి కడప ఎంతో దూరం లేదు. దారిలో అబద్ధం ఏదీ సిద్ధం చేసుకోలేదు, నిజంగా. నిజమే చెబుదామనుకున్నాను. ఇంటి ముందు చిన్నమామ, మా మామగారు, మా ఆవిడ, ఇద్దరు ముగ్గురు చుట్టాలు నిలబడి ఉన్నారు. వానలో అల్లుడు ఎలా వస్తున్నాడోనని ఎదురుచూస్తున్నారు. చిన్నమామ నా భుజాలు తడిమి చూసి, ఆ తర్వాత కారు చూశాడు.

"ఏమయింది అల్లుడూ అద్దానికి?"

"మేస్త్రీ బిగించిన బ్లేడ్లు దారిలో ఊడిపోయాయి మామయ్యా. గాలికి ఎగిరిపోయాయి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదంటే అది మరో అబద్ధం. తెలుసు. అందరూ నా వంక చూస్తున్నారు. ఇంజినీరు అల్లుడు వైపర్లు లేవని మర్చిపోయి వైపర్ వేశాడంటే నవ్వుతారు. ఆ నవ్వు ఒక్కటే నాకు అడ్డం. నవ్వి మర్చిపోయేవాళ్లు కూడా. చిన్నమామ, "రెండూనా?" అన్నాడు. "రెండూ" అన్నాను. ఎవరూ మరో ప్రశ్న వేయలేదు. అల్లుడు చెప్పాడు కదా.

మరుసటి రోజు పొద్దున మేస్త్రీని పిలిపించారు. ఆయన వచ్చి అద్దం మీద గీతలను చూశాడు. వంగి కడ్డీల కొసలు చూశాడు. ఒక కొస మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"యాడ ఊడినాయి అల్లుడు సార్?"

"మైదుకూరు దాటినాక."

"రెండూ ఒకేపారా?"

"ఒకటి ముందు. ఇంకోటి కొంచెం దూరం పోయాక" అన్నాను. అడగని దానికి కూడా సమాధానం చెప్పాను చూడండి. వెనక్కి వెళ్లి వెతికానని, వానలో దొరకలేదని కూడా అన్నాను.

ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు. తొందరపెట్టలేదు. నేను అరుగు మీద బారాకట్ట గడుల్లో నిలిచిన వాననీళ్లను చూశాను. చాలాసేపటికి ఆయన చిన్నమామతో, "నా పనిలోనే యాడో లోపముంటాది అన్నా" అన్నాడు.

చిన్నమామ కోపిష్టి కాడు. అందుకే ఆయనకు వచ్చిన కోపం పోయే దారి తెలియలేదు. "అద్దం పోతే పోనీలేప్పా. ఇంటి అల్లునికి ఏమన్నా అయ్యింటే నేను యెవురికి ముఖం చూపించాల? నీ చేతి మీద నమ్మకంతో కండ్లు మూసుకొని పంపిస్తి కదా" అన్నాడు. మేస్త్రీ సంచిలోంచి రంపపు ముక్క తీసి, ఆ పూటంతా కూర్చుని, అలాంటివే మరో రెండు క్లిప్పులు చేసి, కొత్త బ్లేడ్లు బిగించాడు. పోతూ పోతూ, "ఇంక ఊడవు" అన్నాడు. నన్ను చూసి కాదు, కారును చూసి.

ఆ సాయంత్రం ఆయన బారాకట్టకు రాలేదు. మరుసటి రోజు చిన్నమామ పిలవలేదు. పిలవలేదని ఆయన రాలేదు, రాలేదని ఈయన పిలవలేదు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య అలా బిగుసుకున్నది మళ్లీ వదులు కాలేదు. కారుకు చిన్న రిపేరు వస్తే చిన్నమామ వేరే షెడ్డుకు పంపాడు. వాళ్లు చేయలేకపోయారు. కారు తిరిగొచ్చి ఇంటి దగ్గరే కదలకుండా ఉండిపోయింది.

నేను పండగలకు వెళ్తూనే ఉన్నాను. సాయంత్రాలు చిన్నమామ నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని గవ్వలు తీసేవాడు. నాకు ఆట రాదు. నేను వేసిన చెడ్డ ఎత్తులన్నీ మెచ్చుకునేవాడు. ఒకసారి మాత్రం, పరధ్యానంగా, "మేస్త్రీ అయ్యింటే ఈపాటికి నన్ను ఇంటికి తోలింటాడు" అన్నాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. "మామయ్యా" అన్నాను కూడా. "ఏం అల్లుడూ?" అని తలెత్తాడు. "టీ చల్లారిపోతోంది" అన్నాను. అలాంటి సాయంత్రాలు ఎన్నో దొరికాయి నాకు. నాకు అవకాశం దొరకలేదని ఎవరూ అనడానికి వీల్లేదు.

ఆ కాలమంతా నాకు నేను ఒక సమాధానం చెప్పుకునేవాణ్ణి. మేస్త్రీ కూడా తన క్లిప్పు సరిగా లేదనే నమ్మి ఉంటాడు, ఆయనే ఒప్పుకున్నాడు కదా, మరి నాదేముంది అని. పనివాడికి తన చేతి మీద అనుమానం పుట్టించడం నాకు ఊరటగా ఉండేది. ఇంతకన్నా నీచమైన మాట నా గురించి నేను రాయలేను.

ఆరేళ్లకు చిన్నమామ పోయాడు. వీధి నిండా జనం. రోడ్డుకు అవతల వైపు, మూసిన కొట్టు ముందు మేస్త్రీ ఒంటరిగా నిలబడి ఉండటం చూశాను. పిలవని ఇంటికి రావడానికి మొహమాటపడ్డాడో, రాకుండా ఉండలేకపోయాడో. నేను నాలుగడుగులు వేసి చెయ్యి పట్టుకుని తీసుకొస్తే అయిపోయేది. చూడనట్టు తల తిప్పుకున్నాను. మళ్లీ చూసేసరికి అక్కడ లేడు. తర్వాత, ఎవరికీ పనికిరాని కారును అల్లుడికిమ్మన్నారు. బెంగళూరు నుంచి మనిషిని పిలిపించి నడిచేట్టు చేయించాక, అద్దం మీద అర్ధచంద్రాలతో సహా నా ఇంటికి వచ్చింది. పదహారేళ్లుగా పోర్టికోలో ఉంది. వానాకాలంలో తీసేవాణ్ణి కాదు, ఎందుకని అడిగితే రంగు పోతుందనేవాణ్ణి.

ఆదివారం కాఫీ తాగాక రెండో బ్లేడు కూడా తీసి, అటక ఎక్కాను. ఇన్నేళ్లలో ఇంటికి రెండుసార్లు సున్నం వేయించాం, పాత సామాను ఎంతో పారేశాం. ఆ బ్లేడ్ల పొట్లాన్ని మాత్రం నేను ప్రతిసారీ ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపానే గాని పారేయలేదు. దించి విప్పాను. పేపరు పొడి పొడి అయింది. రబ్బరు ఎండిన చింతకాయ పెచ్చులా విరిగింది. క్లిప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. మా ఆవిడ చూసి, "ఇవేంటివి?" అంది. చెప్పాను. అంతా చెప్పాను. ఆమె చిన్నాయన ముద్దుబిడ్డ. ఒక బ్లేడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మా చిన్నాయన ఆ బండ మీద ఒక్కడే కూర్చోని రెండు పక్కలా ఆడుకుంటాండె" అంది చివరికి. లోపలికి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, "పోయి చెప్పి రాండి. ఆ కార్లోనే పోండి" అంది.

కడపలో తెలిసినవాళ్లను అడిగితే మేస్త్రీ షెడ్డు ఎప్పుడో మూసేశాడని, మైదుకూరులో కొడుకు టైర్ల కొట్టు దగ్గర ఉంటాడని చెప్పారు. మొన్న పొద్దున బయల్దేరాను. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాను. కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలాయన, నేను ఇంకా రోడ్డు మలుపులో ఉండగానే లేచి నిలబడ్డాడు. కళ్లజోడు మందంగా ఉంది. చూసి కాదు, సద్దు విని లేచాడు.

"అన్న కారు" అన్నాడు, నేను దిగగానే. తర్వాత నన్ను పోల్చుకుని, "అల్లుడు సార్. రాండి, కూర్చోండి" అని తన కుర్చీ నాకిచ్చాడు.

కూర్చోలేదు. కొత్త పేపర్లో చుట్టి తెచ్చిన పాత బ్లేడ్ల పొట్లం ఆయన చేతిలో పెట్టాను. వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "ఇవి ఎగిరిపోలేదు మేస్త్రీ. నేనే తీసి ఇంట్లో పెట్టుకుని మర్చిపోయాను. మామయ్యకు అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆయన పేపరు విప్పి, వేలితో తడుముతూ ఆ నాలుక దగ్గరికి వెళ్లి నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ నొక్కాడు. "తుప్పు పట్టలేదే" అన్నాడు. సంతోషపడ్డాడు కూడా. ఆ తర్వాత అన్నాడు.

"తెలుసు సార్. ఆ పొద్దే తెలుసు. నొక్కందే అది రాదని మీకూ నాకూ తప్ప యెవురికి తెలుసు?"

"మరి చెప్పలేదేం?" అన్నాను. ఆ ప్రశ్న అడిగే హక్కు కూడా నాకు లేదు.

"ఇంటి అల్లుణ్ణి, వాళ్లింటి ముందర నిలబెట్టి, అబద్ధమాడినాడని యెట్ల చెప్పేది సార్? అన్న తలెత్తుకుంటాడా? నాది తప్పంటే పోయేదేముండాది, వారం దినాలు కోపం. ఈలోపల మీరే నిదానంగా చెప్తారులే అనుకున్యా. మీరు చెప్తే బాగుంటాది, నేను చెప్తే బాగుండదు." కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "శానా దినాలు చూసినా. పండగకు మీరొచ్చినారని తెలిస్తే ఆ పొద్దు షెడ్డు మూసి ఇంటికి పోకుండా ఆడనే కూర్చుంటాంటి. చెప్పింటారు, అన్న పిలుస్తాడు అని."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు బాగుండేది. నేను టీ చల్లారిపోతోందన్న ఆ సాయంత్రం కూడా, రెండు మైళ్ల అవతల, ఈ మనిషి రేకుల షెడ్డులో కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడన్నమాట. క్షమించమని అడుగుదామని వచ్చాను. అడగలేదు. అడిగితే ఆయన "పోనీలే సార్" అంటాడు. మళ్లీ నన్నే కాపాడుతాడు.

కారులో కొత్త బ్లేడ్లున్నాయని చెబితే తెమ్మన్నాడు. వాటిలోంచి రబ్బరు మాత్రం గుంజి, కొలిచి కత్తిరించి, పొట్లంలోని పాత బ్లేడ్లలోకి ఎక్కించాడు. చూపు ఆనడం లేదు, అంతా వేళ్లతోనే. నన్ను కడ్డీ పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. "నొక్కండి" అన్నాడు. నొక్కాను. రెండూ కూర్చున్నాయి. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఎండాకాలం తీస్తే తీయండి, తప్పులేదు. తీసినాక అటక మీద పెట్టొద్దండి. పక్క సీట్లో పెట్టుకోండి. కండ్ల ముందర ఉంటే మర్చిపోరు" అన్నాడు.

నేను కారెక్కబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఆ బండ ఉండాదా సార్? బారాకట్టది."

ఇల్లు అమ్మేశారని, కొన్నవాళ్లు పడగొట్టి మేడ కట్టారని, పాత నాపరాళ్లన్నీ ఏ లారీలోనో పోయాయని చెప్పాను.

"పోయింటాది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వాన లేదు. సాయంత్రపు ఎండ ఎదురుగా పడి అద్దం మీద రెండు అర్ధచంద్రాలూ వెలిగాయి. వాటిలోంచే రోడ్డు చూసుకుంటూ కర్నూలు దాకా వచ్చాను. అరనిమిషంలో చెప్పే మాటకు ఇరవై రెండేళ్లు పట్టింది నాకు. అందులో పదహారేళ్లు నావి, నా సిగ్గు కింద పోయాయి, మోస్తాను. ముందరి ఆరేళ్లు మాత్రం నావి కావు, ఒకే ఊళ్లో ఒకరి పిలుపు కోసం ఒకరు కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ల సాయంత్రాలవి, వాటిని ఎవరికి తిరిగివ్వాలో నాకు తెలియదు.